మ్యాపులో కనపడని బీడు

మా వదిన యశోదమ్మకు పిట్టలంటే ప్రాణమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మిద్దె మీద ఆరబోసిన వడియాల దగ్గర కాకి వాలితే దాని ఏడు తరాలనూ తిట్టిపోసిన మనిషి ఆమె. కిటికీ పైన పావురం పుల్లలు పేర్చడం మొదలుపెడితే చీపురు తిరగేసేది. అలాంటి మనిషి యాభై దాటాక, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా, ఫోను కొంగులో చుట్టుకుని గుట్ట కింద బీడులోకి పోయి కూర్చోవడం నేర్చుకుంది. పిట్టల మీద ప్రేమతో కాదు. పోయిన కూతురి మీద ప్రేమతో.

నేను ఆమెకు ఆడబిడ్డను. పేరు ఉచ్చంగెమ్మ. బళ్లారిలో తెలుగు బడి టీచరుగా చేసి రిటైరయ్యాక, కప్పగల్లులో మా అన్న నారప ఇంటికి ఎదురుగా చిన్న ఇల్లు వేసుకున్నాను. నా నోరు మంచిది కాదని పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ ఒప్పుకున్న సంగతే. అంత నోరున్న దాన్ని ఈ ఒక్క విషయంలో మాత్రం నోరు కుట్టేసుకుని ఉన్నాను.

మాది తాతల నాటి నుంచీ సేద్యపు ఇల్లు. మిరప, పత్తి వేసేవాళ్లం. గనులు ఊపందుకున్న రోజుల్లో మా అన్న సండూరు వైపు నుంచి ఖనిజం తోలడానికి లారీలు కొన్నాడు. లారీ ఆఫీసులో ఆయన డ్రైవర్ల మీద అరిస్తే పక్క వీధిలో కుక్కలు లేచి నిలబడేవి. ఇంట్లో కూతురి ముందు మాత్రం పిల్లి. ఒక్కతే కూతురు, అనుపమ. లేక లేక పుట్టిన పిల్ల. దాని కాల్లో ముల్లు దిగితే అమ్మానాన్నా ఇద్దరూ కుంటేవాళ్లు.

అనుపమ బళ్లారిలో బీఎస్సీ చదివేటప్పుడు కాలేజీలో ఒక యాప్ నేర్పించారు. చెట్టో పురుగో పిట్టో కనపడితే ఫోటో తీసి అందులో పెట్టాలి. ఎక్కడ తీశామో మ్యాపులో ఎర్ర చుక్క పడుతుంది. అది ఫలానాది కావచ్చని యాప్ ఒక పేరు చెబుతుంది. ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్లో ఆ ఫోటో చూసి అవునంటారు, కాదంటారు. ప్రాజెక్టు కోసం అనుపమ మా పొలం కొసనున్న కుంటను ఎంచుకుంది. ఊరి మురుగంతా అందులోనే కలుస్తుంది. నీటికోళ్లకు, కొంగలకు ఆ వాసన పట్టదేమో గానీ దానికి పట్టేది. "అత్తా, ఈ కుంటలో మార్కులుండాయి గానీ, ముక్కు మూసుకుంటేనే దొరుకుతాయి" అనేది. కుంట చుట్టూ బోలెడు చుక్కలు పెట్టింది, మార్కులు తెచ్చుకుంది, మళ్లీ అటు తొంగి చూడలేదు.

దాని మనసంతా బీడులో ఉండేది. గుట్ట కింద రాళ్లు, గరిక తప్ప ఏమీ లేని నేల అది. మా నాయన కాలం నుంచీ అందులో నాగలి దిగలేదు. "బేకార్ భూమి" అని మా అన్న దాని వంకే చూడడు. ఆ బేకార్ భూమిలోనే ఒక పిట్ట తిరిగేది. మట్టి రంగు ఒళ్లు, కంటి మీద తెల్ల గీత, దాని కింద నల్ల గీత, అచ్చం కాటుక దిద్దుకున్నట్టు. ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. కాస్త దూరం పరుగెత్తుతుంది, టక్కున ఆగుతుంది, వంగి పురుగును పొడుస్తుంది, మళ్లీ పరుగు. ఇండియన్ కోర్సర్ అని యాప్ పేరు చెప్పింది. మా ఊళ్లో అడిగితే ఎవరికీ దాని పేరు తెలియలేదు. అనుపమే దానికి పరుగుపిట్ట అని పేరు పెట్టుకుంది.

ఒక వేసవి పొద్దున తల్లినీ నన్నూ బలవంతంగా బీడులోకి లాక్కుపోయింది. ఒక చోట ఆగి నేల వైపు వేలు చూపించి, "చూడమ్మా, గుడ్లు!" అంది. గూడు లేదు, పుల్లా లేదు. ఉత్త నేల మీద, గులకరాళ్ల మధ్య, గులకరాళ్ల లాగే రెండు గుడ్లు. వదిన గుడ్లను చూడనే లేదు. చూపించిన వేలు మీద చటుక్కున ఒకటేసింది.

"వేలు చూపిస్తావేమే! పిందెకు వేలు చూపిస్తేనే కుళ్లి రాలిపోతాది. గుడ్లకు చూపిస్తే ఇంకేమన్నా ఉండాదా?"

మా వైపు అది పెద్ద పట్టింపు. గుమ్మడి పాదుకు పిందె దిగితే వేలు మడిచి, పిడికిలితో చూపిస్తాం. అనుపమ వేలు రుద్దుకుంటూ నవ్వింది.

"మరి మ్యాపులో చుక్క పెడితే లోకానికంతా వేలు చూపించినట్లే గదమ్మా?"

"అయితే పెట్టొద్దు."

"దానికీ ఉండాది బటన్. ఇదో, ఇది నొక్కితే ఫోటో ఉంటాది, యాడ తీసిండేదో మాత్రం ఎవరికీ తెలీదు. చుక్కే పడదు." తల్లి చేత్తోనే ఆ బటన్ ఒకసారి నొక్కించింది, మళ్లీ తీసేయించింది. "సుమ్నె, ఊరికే చూపించినాలేమ్మా. ఈ పిట్ట కోసం ఈడికి ఎవరొస్తారు?"

ఆ ఏడు వానలు పడ్డాక దానికి డెంగీ జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆదివారం నాతో ఇడ్లీ బాగాలేదని గొణిగిన పిల్ల బుధవారానికి లేదు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

మా అన్న దాని గదికి తాళం వేశాడు. ఇంట్లో ఆ పేరు పలకనివ్వలేదు, తనూ పలకలేదు. "పాప ఫోను ఆపేయ్. అది మోగితే నా గుండెకాయ పట్టి పిండినట్లయితాది" అన్నాడు వదినతో. వదిన మోత మాత్రం తీసేసి, ఫోను బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. రోజూ దానికి ఛార్జింగు పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. కొన్నిటికి ఎందుకని అడగకూడదని నా నోటికి కూడా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ ఫోను పట్టుకుని మా ఇంటికి పరుగున వచ్చింది. "ఉచ్చంగీ, ఇది చదువు. పాపను ఎవరో పలకరిస్తాండారు." ఇంగ్లీషులో ఉంది. ఎక్కడో దూరపు ఊరాయన, పరుగుపిట్ట ఫోటో కింద రాశాడు: "అనుపమా, ఎంత మంచి ఫోటో! ఈ ఏడు కూడా కనపడ్డాయా?"

నేను చదివి చెప్పాను. వదిన కాసేపు ఆ అక్షరాలనే చూసింది.

"వాళ్లకు తెలీదా?"

"ఎట్లా తెలుస్తాది వదినా?"

"అయితే పాప ఇంకా ఆడ ఉండాది."

అది సరికాదని, అలా అనుకోకూడదని చెప్పాల్సిన దాన్ని నేనే. పిల్లలకు అంతమందికి బుద్ధులు చెప్పాను. ఆ రోజు మాత్రం ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను, అంతే.

మరునాటి నుంచీ వదిన బీడుకు పోవడం మొదలుపెట్టింది. తీసిన ఫోటోల్లో సగం రాళ్లు, సగం తన చీర కుచ్చిళ్లు. ఒకసారి ఎండిన పేడకడిని తీసి పెడితే అది కప్ప కావచ్చని యాప్ చెప్పింది. ఇద్దరం నవ్వాం. అనుపమ పోయాక ఆ ఇంటి మనిషి నవ్వగా చూడడం అదే మొదలు. మెల్లగా చెయ్యి కుదిరింది. పిట్ట ఆగిన క్షణంలో తను కూడా ఊపిరి బిగబట్టి నొక్కడం తెలిసింది. పెట్టేవన్నీ కూతురి పేరు మీదే పెట్టేది. ఎవరో ఒకరు "థాంక్యూ అనుపమా" అని రాస్తే ఆ రోజంతా ఆమె ముఖంలో కాస్త కళ ఉండేది. "మీ అన్నకు చెప్పొద్దు. ఆయనకు తెలిస్తే ఫోను పగలగొడతాడు" అంది. చెప్పనన్నాను.

ఎండాకాలం వచ్చేసరికి పిట్టలు మళ్లీ గుడ్లు పెట్టాయి. వదిన సంతోషం పట్టలేక ఆ ఫోటో పెట్టింది, కూతురు పెట్టినట్టే, చోటు దాచకుండా. వారం తిరక్కుండానే పెద్ద పెద్ద కెమెరాలతో ఇద్దరు మనుషులు కారులో దిగారు. మ్యాపులో చుక్క చూసి వచ్చామని చెప్పారు. చెడ్డవాళ్లు కాదు, మర్యాదగా మా ఇంట్లో మంచినీళ్లు అడిగి తాగారు. కానీ కారును నేరుగా బీడులోకి తోలారు. వాళ్లు పోయాక వదిన వెళ్లి చూస్తే చక్రం జాడలో పెంకులు, పచ్చసొన, మూగిన చీమలు. ఇంటికొచ్చి, చెయ్యి చాపి తన చూపుడు వేలునే చూసుకుంటూ కూర్చుంది.

"నేనే చూపించినా ఉచ్చంగీ. చెప్పి చెప్పి నేనే వేలు చూపించినా."

ఆ సాయంత్రం ఆమె చేసిన పని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. బీడులో తీసిన ఫోటోలన్నిటికీ, తను పెట్టినవాటికీ కూతురు పెట్టినవాటికీ, ఒక్కొక్కటే తెరిచి ఆ దాచే బటన్ నొక్కింది. ఫోటోలన్నీ ఉన్నాయి, చోటు పోయింది. మ్యాపులో మా బీడు బోసిపోయింది. కుంట చుక్కల జోలికి మాత్రం పోలేదు. ఆ మురుగు కుంటకు ఎవడొచ్చినా పోయేదేముందని వదిలేసింది.

ఆ తర్వాతి ఏడు రోడ్డు వెడల్పు చేస్తూ మా అన్న లారీలు నిలిపే చోటు తీసుకున్నారు. వేరే చోటు చూసుకోవాలి. ఉన్నవి రెండే: కుంట, బీడు. కుంట రోడ్డు పక్కనే ఉంది, పూడిస్తే లారీలు నేరుగా దిగిపోవచ్చు. అందరూ కుంట పూడ్చమనే చెప్పారు. మా అన్న సరేనన్నాడు కూడా. తర్వాత ఏమనిపించిందో, ఆఫీసులో లెక్కలు చూసే వివేక్‌ను పిలిచాడు. ఈ భాగం నాకు వివేకే చెప్పాడు.

"మా పాప కాలేజీలో చదివేటప్పుడు మ్యాపులో పిట్టల్ని పెడతాన్నింది. అది నీ ఫోన్లో వస్తాదేమో చూడప్పా."

వివేక్ వెతికి తెరిచాడు. "వస్తాది సార్. ఇదో చూడండి, కుంట చుట్టూ ఎర్ర చుక్కలే. అన్నీ పాపవే."

"బీడులో?"

"బీడులో ఏమీ ఇల్ల సార్. ఖాళీ."

"సరిగ్గా చూడు."

"నోడిదె సార్, చూసినా. ఒక్కటీ లేదు."

మా అన్న ఒక చుక్క మీద వేలు పెట్టాడట. నీళ్లలో కొంగ ఫోటో వచ్చింది, కింద కూతురి పేరు. ఆయన లేచి బయట కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చి, "కుంటను ఎవరూ ముట్టుకోవద్దు. బీడును చదును చేయండి. పాప ఆడికి పోనేలే" అన్నాడట.

అప్పుడు నేనూ వదినా ఊళ్లో లేము. బండ్రిలో వదిన చెల్లెలి కూతురి పెళ్లికి పోయాం. బయలుదేరే ముందు రోజే పిట్టలు కొత్తగా గుడ్లు పెట్టాయని వదిన నా చెవిలో చెప్పింది. ఈసారి వేలు కాదు గదా, చూపు కూడా నిలపలేదట, దూరం నుంచే చూసి వచ్చేసిందట. పెళ్లి పనులంటూ అక్కడున్న మూడు వారాలూ ఆమె మనసు బీడు మీదే ఉంది. తిరిగొచ్చిన మరునాడు పొద్దున, "నువ్వూ రా, ఈపాటికి పిల్లలు వచ్చింటాయి" అని నన్నూ వెంటబెట్టుకుని పోయింది.

బీడు లేదు. రాళ్లన్నీ ఒక పక్కకు తోసి కుప్ప పోశారు. నేలంతా ఎర్రటి గరుసు మట్టి పరిచి రోలరుతో తొక్కించారు. మూల జేసీబీ నిలబడి ఉంది. ఆ గరుసు మీద ఒక పరుగుపిట్ట తిరుగుతోంది. కాస్త దూరం పరుగెత్తడం, ఆగడం, వంగి చూడడం, మళ్లీ వెనక్కి రావడం. అక్కడ పురుగు లేదు, పుట్రా లేదు. దేనికోసం వంగుతోందో మా ఇద్దరికీ తెలుసు.

వదిన అక్కడే మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో గరుసును గీకడం మొదలుపెట్టింది. తొక్కించిన గరుసు, గోటికి లొంగుతుందా? గోళ్లు చిట్లి నెత్తురు వచ్చింది. డ్రైవరు నెట్టికంటప్ప టీ గ్లాసు పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఏం పడేసుకున్నావమ్మా? చెప్పు, మా వాళ్లతో వెతికిస్తా."

"ఏమీ లేదులేప్పా" అంది వదిన. అని లేచి నిలబడింది. నేను పట్టుకుని నడిపించాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా అన్న నడవలో కూర్చుని ఉన్నాడు. ఎన్నాళ్లకో ఆయన ముఖం తేటగా ఉంది. "యశోదా, రా, కూర్చో. నీకొక మాట చెప్పల్ల" అన్నాడు. ఆమె చేతులకు ఎర్రమట్టి ఉందని కూడా చూడలేదు. "అందరూ కుంట పూడ్చమనిరి. నేను ఒప్పుకోలే. పాప చుక్కలన్నీ ఆడుండాయి యశోదా, నేను నా కండ్లతో చూసినా. మన పాప తిరిగిన తావులో నేను లారీలు నిలబెడతానా? బీడు కూడా చూపిచ్చుకున్నా, ఒక్క చుక్క లేదు. అందుకే దాన్ని తీసుకున్నా. పాపది ఏదీ పోలే." అంత పెద్ద మనిషి తుండుగుడ్డలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవలేదు.

వదిన స్తంభం పట్టుకుని నిలబడింది. ఆమెకు అర్థమైన క్షణం నాకు కనపడింది. పెదవులు కదిలాయి. ఒక్క మాట చాలు ఆయనకు చెప్పడానికి. ఆమె మట్టి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆయన తల మీద పెట్టి, "మంచి పని చేసినావు" అంది.

నేను ఆమెను పెరట్లోకి ఈడ్చుకుపోయాను. నా కోపం అంతా ఇంతా కాదు. ఎవరి మీదో తెలియని కోపం కాబట్టి మరీ ఎక్కువ.

"ఏంది వదినా ఇది? ఉన్నది ఉన్నట్లు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

అప్పుడే ఆమె ఆ బటన్ సంగతి నాకు చెప్పింది. చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆయన వెతకనే వెతికినాడు ఉచ్చంగీ. నేనే కనపడనీలే. రెండేండ్లకు ఈ పొద్దు పాప పేరెత్తినాడు. ఇప్పుడు పోయి, పాప పానమంతా ఉండిన తావును నువ్వే తొక్కిచ్చినావు అని చెప్పల్నా? ఆ మనిషి బతుకుతాడా?"

ఆమె పంపు దగ్గర చేతులు కడుక్కుని, ఆయనకు దోసెలు పోయడానికి లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆ దూరపు ఊరాయన మళ్లీ రాశాడు. ఈ పిట్ట గుడ్లు పెట్టే చోట్ల గురించి వాళ్లు ఏదో పని చేస్తున్నారట. "అనుపమా, దయచేసి ఆ చోటును అందరికీ కనపడేలా పెట్టగలవా? అలాంటి చోట్లను కాపాడమని అడగడానికి పనికొస్తుంది" అని. నేను చదివి చెప్పాను. ఇప్పుడు మా అన్న రోజూ సాయంత్రం వివేక్ చేత మ్యాపు తెరిపించుకుని చూస్తున్నాడు. దాచినవి తెరిస్తే, ఆయన లారీలు నిలబడిన చోటంతా కూతురి పేరుతో ఎర్రగా చుక్కలు లేస్తాయి. "కుదరదని రాయి" అంది వదిన. నేను అనుపమ పేరుతో కుదరదని రాశాను. ఆ పిల్ల బతికుంటే అలా ఎన్నటికీ రాయదు. అది తెలిసే రాశాను.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను కాబట్టి సరిపోయింది. మా అన్న కన్నడ బడిలో చదివాడు. తెలుగులో మాట్లాడతాడు, తిడతాడు, ఏడుస్తాడు గానీ, అక్షరాలు కన్నడానికి దగ్గరే అయినా, ఇంత పొడుగు రాత కూడబలుక్కుని చదవడు.

ఈ మధ్య ఆయన కుంటలోకి మురుగు రాకుండా కాలువ తిప్పించాడు. గట్టు మీద సిమెంటు బెంచీ వేయించి, అనుపమ పేరుతో కన్నడంలో బోర్డు పెట్టించాడు. సాయంత్రాలు భార్యను తీసుకుని అక్కడికి పోతాడు. మొన్న నేనూ పోయాను. కొంగలు వాలుతున్నాయి. మా అన్న వాటిని చూస్తూ చూస్తూ బెంచీ మీద చెయ్యి వేసి, "ఈడనే కూర్చుని చూస్తాన్నిందేమో గదా పాప?" అని అడిగాడు.

"ఊఁ, ఈడనే" అంది మా వదిన. "పాపకు ఈ కుంటంటే పానం."